జర్మన్ చదువు – మన విమర్శ పరిభాష

పరాయీకరణ, అదనపు విలువ, ఉత్పత్తి సంబంధాలు, వర్గ చైతన్యం – ఈ మాటలు లేకుండా మన అభ్యుదయ సాహిత్య విమర్శను ఊహించలేం. ఒక కథను మెచ్చుకోవాలన్నా, ఒక నవలను తిరస్కరించాలన్నా మనం వీటినే ఆశ్రయిస్తూ వచ్చాం. ఇవన్నీ జర్మన్ రచనల నుంచి వచ్చిన మాటలు. అయినా ఆ భాషతో మనకు నేరుగా సంబంధం లేదు. మార్క్స్, ఎంగెల్స్, బ్రెహ్ట్ – అందరూ ఇంగ్లీషు అనే మధ్యవర్తి చేతుల మీదుగానే మన దగ్గరకు వచ్చారు.

సూర్యాపేట మార్కెట్ యార్డుకు ధాన్యం తెచ్చిన రైతుకు దళారీ అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. దళారీ లేకపోతే ఆ రోజుకు సరుకు కదలకపోవచ్చు. కాని కాంటా అతనిది, ధర అతనిది, బస్తాకు ఇంత అని తీసే తరుగు కూడా అతనిదే. ఇంగ్లీషు దళారీ చేతిలో మన భావాలకు పోయిన తరుగు ఎంత? ఈ ప్రశ్నను ఇంతవరకు మనం గట్టిగా వేసుకోలేదు. వేసుకున్నా జవాబు చెప్పగలిగినవాళ్లు మన మధ్య లేరు. ఇప్పుడు పరిస్థితి మారింది. మన పిల్లలు జర్మన్ నేర్చుకుంటున్నారు. ఈ మార్పును సాహిత్య విమర్శ ఎట్లా ఉపయోగించుకోవాలన్నదే ఈ వ్యాసంలో చర్చనీయాంశం.

1

తెలుగుకూ జర్మన్‌కూ సంబంధం కొత్తది కాదు. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు జర్మనీలోని హాలె పట్టణంలోనే 1746 ప్రాంతంలో వెలువడ్డాయి. మత ప్రచారం కోసం మద్రాసు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకొని, 1728లోనే తెలుగు వ్యాకరణం రాశాడు. అంటే రెండున్నర శతాబ్దాలకు పూర్వమే ఒక జర్మన్ తన అవసరం కోసం తెలుగు నేర్చాడు. ఈ రోజు మన పిల్లలు తమ అవసరం కోసం జర్మన్ నేరుస్తున్నారు. ఆనాడు ప్రేరణ మతం; ఈనాడు ప్రేరణ మార్కెట్టు.

హైదరాబాదులో జర్మన్ బోధించే సంస్థలు చాలాకాలంగా ఉన్నాయి. 1958లో ఇంగ్లీషు బోధన కోసం ఏర్పడిన కేంద్ర సంస్థ 1972లో విదేశీ భాషలనూ కలుపుకొని, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఉస్మానియాలోనూ జర్మన్ ఉంది. కాని ఒకప్పుడు ఆ తరగతుల్లో కూచున్నవాళ్లు కొద్దిమంది. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి బస్సెక్కి హైదరాబాదు చేరి, హాస్టల్లో ఉండి జర్మన్ చదువుతున్న యువకులూ యువతులూ కనిపిస్తున్నారు. నర్సింగ్ చదివినవాళ్లున్నారు, ఇంజనీరింగ్ ముగించి పై చదువుకు పోదలచినవాళ్లున్నారు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేకపోవడం ఒక ఆకర్షణ. 2023–24 శీతాకాలపు సెమిస్టర్‌లో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు సుమారు 49 వేలు; విదేశీ విద్యార్థుల్లో వారిదే మొదటి స్థానం. ఇక 2024లో జర్మన్ ప్రభుత్వం నైపుణ్యం గల భారతీయ శ్రామికులకిచ్చే వీసాల సంఖ్యను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ప్రకటించింది. అక్కడ ముసలివాళ్లు పెరుగుతున్నారు, పనిచేసే చేతులు తగ్గుతున్నాయి. పెట్టుబడికి చేతులు కావాలి. ఆ చేతులకు కొంత భాష కూడా కావాలి.

ఆ 'కొంత' ఎంతో కొలతలు వేసి పెట్టారు. యూరపులో భాషా పరిజ్ఞానాన్ని ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా విభజించారు. మధ్యలో ఉన్నవి బి1, బి2. నర్సుకు సాధారణంగా బి2 కావాలి. మన విద్యార్థుల్లో ఎక్కువమంది ఈ మధ్య మెట్ల దగ్గరే ఆగిపోతారు. ఆగమనే ఆ ఏర్పాటు చెబుతున్నది. రోగి మాట అర్థం కావాలి, ఇల్లు అద్దెకు తీసుకోవడం రావాలి, ఉద్యోగానికి దరఖాస్తు రాయడం రావాలి. అంతకుమించి ఆ భాషలో జనం ఏం ఆలోచించారో, దేనికోసం జైళ్లకు పోయారో, దేశాలు విడిచారో తెలుసుకోవలసిన అవసరం శ్రామికుడికి లేదని మార్కెట్టు లెక్క. పాఠ్యపుస్తకాల్లో ఫ్లాటు, డాక్టరు, ఇంటర్వ్యూ, చెత్తను వేరుచేయడం మీద సంభాషణలుంటాయి. బ్రెహ్ట్ ఉంటే ఒక మూల ఉంటాడు.

పొట్టకూటి కోసం భాష నేర్చుకోవడాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు మనకెవరికీ లేదు. ప్రశ్న నేర్చుకునేవాడి గురించి కాదు, ఆ నేర్పు సమాజానికి ఎంతవరకు దక్కుతున్నదన్న దాని గురించి.

2

ఈ చదువులో మరో లోపం బోధనా పద్ధతిలో ఉంది. తెలుగు పిల్లవాడికి జర్మన్‌ను ఇంగ్లీషులో బోధిస్తారు. దాని ఫలితం విచిత్రంగా ఉంటుంది.

నర్సింగ్ చదివి జర్మన్ నేర్చుకుంటున్న మా పూర్వ విద్యార్థిని ఒకామె సెలవుల్లో తన నోటుపుస్తకం చూపించింది. ఎర్ర సిరాతో దిద్దిన వాక్యాలే ఎక్కువ. 'నాకు చలిగా ఉంది' అనడానికి ఆమె ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకొని 'నేను చల్లగా ఉన్నాను' అన్న తీరులో రాసింది. జర్మన్‌లో 'మీర్ ఇస్ట్ కాల్ట్' అంటారు. 'మీర్' అంటే నాకు. తెలుగులో మనం ఎట్లా అంటామో వాళ్లూ అట్లాగే అంటారు! 'నాకు నచ్చింది' అనేచోట కూడా అంతే. వాళ్లదీ 'నాకు'తో మొదలయ్యే వాక్యమే. కారణం చెప్పే ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుందన్న నియమాన్ని ఇంగ్లీషు చదివినవాళ్లు ఒక పెద్ద వింతగా చెప్పుకుంటారు. కర్త, కర్మ, క్రియ అన్న వరుసలోనే పుట్టి పెరిగిన తెలుగువాడికి అందులో వింతేముంది? నాలుగు విభక్తులని భయపెడతారు; మనవాళ్లు చిన్నప్పుడే డుమువులు వల్లించారు. మాటకు మాట చేర్చి ఒకే పదం చేయడం జర్మన్‌కు ప్రాణం. బాలవ్యాకరణంలో సమాస పరిచ్ఛేదం చదివినవాడికి ఆ పదాలను ఎక్కడ విరవాలో చెప్పనవసరం లేదు.

జర్మన్ తెలుగుకు చుట్టమని నేననడం లేదు. అవి వేర్వేరు కుటుంబాల భాషలు. జర్మన్‌కు చుట్టం ఇంగ్లీషే. కాని నేర్చుకునేవాడు తనకున్న బలాన్ని బయట వదిలి తరగతిలోకి పోవలసి వస్తున్నది. తన భాషలో సిద్ధంగా ఉన్న దారిని మూసి, అద్దె దారిలో చుట్టూ తిరిగి రమ్మంటున్నారు. దళారీ వ్యవస్థ తరగతి గదిలోనూ ఉందన్నమాట.

3

ఇక పరిభాష దగ్గరకు వద్దాం. బి1 దాటిన విద్యార్థికి వచ్చిన జర్మన్ ఏపాటిది అని పండితులు పెదవి విరవవచ్చు. 'పెట్టుబడి' గ్రంథాన్ని మూలంలో చదవడానికి అది చాలదు, నిజమే. కాని ఒక మాటను విప్పి చూడడానికి చాలు. ఉపసర్గ చేరితే క్రియకు అర్థం ఎట్లా మారుతుందో మధ్యస్థాయిలోనే నేర్పుతారు. మన విమర్శకు అక్కరకు వచ్చేది సరిగ్గా ఆ పాఠమే.

మొదటి ఉదాహరణ. మార్క్స్ 1844లో రాసిన, 1932 దాకా పూర్తిగా అచ్చుకాని రాతప్రతుల్లో 'ఎంట్‌ఫ్రెమ్డుంగ్' కీలకమైన మాట. బ్రెహ్ట్ 1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ ప్రదర్శన చూసిన తరువాత తన నాటక సిద్ధాంతంలో స్థిరపరచుకున్న మాట 'ఫెర్‌ఫ్రెమ్డుంగ్'. రెండింట్లోనూ మధ్యనున్నది 'ఫ్రెమ్డ్'. పరాయి, కొత్త, ఎరుగని అని దాని అర్థం. ఉపసర్గలు వేరు. 'ఎంట్' విడదీస్తుంది, ఊడబెరుకుతుంది. 'ఫెర్' ఒక స్థితి నుంచి మరో స్థితికి మారుస్తుంది. ఇంగ్లీషులో జాన్ విల్లెట్ 1964లో వెలువరించిన బ్రెహ్ట్ వ్యాసాల సంపుటిలో రెండో మాటకు కూడా ఏలియనేషన్ అనే వాడాడు. అది చదివిన మన నాటక విమర్శ తరచు రెంటికీ 'పరాయీకరణ' అనే ఒకే చీటీ అంటించింది.

మిర్యాలగూడ రైసు మిల్లులో హమాలీ రోజంతా బియ్యం బస్తాలు మోస్తాడు. ఆ బియ్యం ఎక్కడికి పోతుందో, ఎవరు తింటారో అతనికి సంబంధం లేదు. తన ఇంటికి మాత్రం రేషన్ బియ్యం పోతుంది. తన శ్రమ తనది కాకుండా పోయి, తన మీదనే పెత్తనం చేస్తున్న స్థితి అది. మార్క్స్ చెప్పింది దాని గురించి. బ్రెహ్ట్ చెప్పింది దానికి విరుగుడు. ఆ హమాలీ రోజూ చూస్తూ ఇదింతే అనుకుంటున్న దాన్ని రంగస్థలం మీద వింతగా నిలబెట్టి, ఇదెందుకు ఇట్లా ఉండాలి అని అతనే అడిగేట్టు చేయడం. ఒకటి రోగం, రెండోది మందు. రెండు సీసాలకూ ఒకే చీటీ అంటిస్తే ఏమవుతుంది? బ్రెహ్ట్ ప్రేక్షకుణ్ణి నాటకానికి దూరం చేస్తాడనీ, అతనిది మెదడుకే తప్ప గుండెకు పట్టని నాటకమనీ మనలో పాతుకుపోయిన అపోహ ఈ గందరగోళంలోంచి కూడా బలం పుంజుకున్నదే.

నిజానికి బ్రెహ్ట్ పద్ధతి మనకు కొత్తది కాదు. బుర్రకథలో కథకుడు కథను కరుణరసంలో ముంచుతుండగా హాస్యపు వంత అడ్డు తగులుతాడు. రాజకీయపు వంత ఇది మొన్న మన ఊళ్లో జరిగిందే కదా అంటాడు. జనం కన్నీళ్లు తుడుచుకొని ఆలోచనలో పడతారు. ప్రజానాట్యమండలి ఈ కళను పల్లెపల్లెకూ మోసినప్పుడు ఎవరికీ జర్మన్ రాదు. కాని పని జరిగింది. ఆ పనికి మనం సరైన పేరు పెట్టుకోవాలి. 'వింతపరచడం' అందామా, మరొకటి అందామా అన్నది చర్చించవచ్చు. 'పరాయీకరణ' మాత్రం కాదు.

రెండో ఉదాహరణ మన ప్రాంతానికి మరీ దగ్గరిది. కమ్యూనిస్టు ప్రణాళికలో గ్రామీణ జీవితాన్ని గురించి వాడిన 'ఇడియోటిస్ముస్' అన్న మాట ఇంగ్లీషులో బుద్ధిహీనత అయింది. ఆ వెలుగులోనే మనం పల్లె జీవితపు మూఢత్వమని చదువుకున్నాం. గ్రామీణ కథలను, మాండలిక రచనలను చిన్నచూపు చూసిన కొందరు విమర్శకులకు ఆ మాట అధికార ముద్రగా పనికివచ్చింది. హాల్ డ్రేపర్, ఎరిక్ హాబ్స్‌బామ్ వంటి వారు ఆ మాటకు మూలమైన గ్రీకు అర్థాన్ని గుర్తుచేశారు: తన సొంత బతుకులో తాను ఒదిగి, బయటి సమాజంతో సంబంధం లేకుండా ఉండడం. అంటే మందబుద్ధి కాదు, ఏకాకితనం. 1888 నాటి ఇంగ్లీషు అనువాదాన్ని ఎంగెల్సే పరిశీలించాడు కదా అని అభ్యంతరం చెప్పవచ్చు. గ్రీకు చదువుకున్న ఆనాటి పాఠకుడికి ఆ పాత అర్థం చెవిన పడి ఉండవచ్చు; తెలుగులోకి వచ్చేసరికి అది పూర్తిగా తరుగు కింద పోయింది.

ఏ అర్థం సరైనదో తేల్చడానికి నిఘంటువు ఒక్కటే చాలదు, చరిత్ర కావాలి. 1946–51 మధ్య ఈ సూర్యాపేట పల్లెల్లో జరిగిందేమిటి? మూఢులుగా ఉన్న జనం హఠాత్తుగా తెలివైనవాళ్లయ్యారా? కాదు. గడీ చుట్టూ ఎవరికివారుగా వెట్టిలో నలిగిన జనాన్ని సంఘం కలిపింది. ఈ ఊరి వార్త ఆ ఊరికి చేరింది. దేశోద్ధారక గ్రంథమాల నెలకొల్పి ఊరూరా పుస్తకాలు చేర్చిన వట్టికోట ఆళ్వారుస్వామి చేసిందీ, 'ప్రజల మనిషి' నవలలో చూపిందీ ఏకాకితనాన్ని పగలగొట్టడమే. 'మూఢత్వం' అని చదివితే రైతు సంస్కరించవలసిన వస్తువవుతాడు. 'ఏకాకితనం' అని చదివితే సంఘం కట్టవలసిన మనిషవుతాడు. ఒక్క మాట తేడాతో మన గ్రామీణ సాహిత్య విమర్శ మొత్తం దిశ మారుతుంది. అట్లాగని పల్లెను పూజించమని కాదు. వెట్టి, అంటరానితనం పల్లెలోనే ఉన్నాయి. మనిషిని మనిషి నుంచి వేరుచేసే ఏకాకితనానికి అవే పునాదులు కూడా.

మూడో ఉదాహరణ 'ఔఫ్‌హేబెన్'. హెగెల్, మార్క్స్‌ల గతితర్కానికి ఇది గుండెకాయ. జర్మన్ తరగతిలో మాత్రం ఇది మామూలు మాట. కింద పడ్డ పెన్ను పైకి తీయడం, రసీదును భద్రంగా దాచడం, ఒక నిషేధాన్ని రద్దుచేయడం – మూడింటికీ అదే క్రియ. ఇంగ్లీషులో దీనికి సరైన మాట దొరకక లాటిన్ నుంచి ఒక కృతక పదం తెచ్చుకున్నారు. దాన్ని తెలుగు చేయబోయి మన సైద్ధాంతిక వ్యాసాలు కొరుకుడుపడని సంస్కృత సమాసాల పాలైనాయి. మన ఇళ్లలో మాట వినండి. బరువు 'ఎత్తు'తాం. మిగిలిన విత్తనాలు వచ్చే ఏటికి 'ఎత్తిపెడ'తాం. నిషేధాన్ని 'ఎత్తివేస్తాం'. పైకి లేపడం, భద్రపరచడం, రద్దుచేయడం – ఒక్క 'ఎత్తు' ధాతువులో మూడూ ఉన్నాయి! జర్మన్‌లో హెగెల్ దేన్ని చూసి మురిసిపోయాడో అది మన అమ్మల నోట్లోనే ఉంది. దళారీ దగ్గర లేదు కనుక మన దగ్గరా లేదనుకున్నాం.

ఇది కేవలం మాటల ముచ్చట కాదు. సంప్రదాయాన్ని ఏం చేయాలన్నది మనల్ని ఎప్పటినుంచో వేధిస్తున్న ప్రశ్న. ధ్వంసం చేయాలని కొందరు, తలకెత్తుకోవాలని కొందరు. జంగం కథను ప్రజానాట్యమండలి కళాకారులు ఏం చేశారు? అందులోని పాత విషయాన్ని ఎత్తివేశారు. తంబుర, గుమ్మెట, వంతల సంభాషణ ఎత్తిపెట్టుకున్నారు. మొత్తం రూపాన్ని ఒక కొత్త చారిత్రక స్థాయికి ఎత్తారు. మూడూ ఒకే క్రియలో భాగాలు. ఏ ఒక్కటి వదిలినా అది అభ్యుదయం కాదు.

ఇంగ్లీషు ద్వారా వచ్చినదంతా తాలు అని కూడా తొందరపడరాదు. 'అదనపు విలువ' చూడండి. జర్మన్ మూలం 'మేర్‌వేర్ట్'; 'మేర్' అంటే ఇంకా ఎక్కువ, 'వేర్ట్' అంటే విలువ. ఎవరికైనా తెలిసే మాటలు. ఇంగ్లీషు దానికి కొంచెం దర్జా తగిలించింది. మన అనువాదకులు ఆ దర్జాను వదిలి మళ్లీ వాడుక మాటకే వచ్చారు. మంచి అనువాదకుడు దళారీ చేతిలోంచి కూడా సరుకును నష్టపోకుండా తేగలడు. కాని ఎక్కడ తేగలిగాడో, ఎక్కడ తేలేకపోయాడో తెలియాలంటే మూలంతో సరిచూసేవాళ్లుండాలి.

4

సరిచూసేది ఎవరు? బి2 పాసైన మా పూర్వ విద్యార్థులు జర్మన్‌లో ఆఫీసుకు ఉత్తరం రాయగలరు. అదే ఉత్తరం తెలుగులో రాయమంటే తడబడతారు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. పేదపిల్లలకు ఇంగ్లీషు అందాలన్న కోరికను నేను వ్యతిరేకించను. శ్రీమంతుల పిల్లలకు ఎప్పుడో అందింది. కాని తెలుగు వచనాన్ని ధారాళంగా చదివి, విప్పి చెప్పే శక్తి తరగతి గదిలో తగ్గిపోతున్న మాట వాస్తవం. అనువాదానికి రెండు కాళ్లు కావాలి. జర్మన్ కాలు మధ్యస్థాయి దగ్గర ఆగింది సరే. తెలుగు కాలు కూడా మధ్యస్థాయి దగ్గరే ఆగిపోతే నడిచేదెవరు?

ఇక్కడే చరిత్ర మనకు ధైర్యమిస్తుంది. నిజాం పాలనలో ఉర్దూ పాలకుల భాష. కచ్చేరీకీ, బడికీ, కొలువుకీ అదే. 1917లో ఉస్మానియా కోసం హైదరాబాదులో అనువాద శాఖ ఏర్పడినా, ప్రపంచ విజ్ఞానాన్ని అది తెచ్చింది ఉర్దూలోకే. ఎక్కువమంది ప్రజల భాష తెలుగు దాని లెక్కలోకి రాలేదు. అంటే మన పెద్దలు ఉర్దూ నేర్చింది ప్రేమతో కాదు, గత్యంతరం లేక. కాని అదే ఉర్దూతో దాశరథి 'గాలిబ్ గీతాలు' తెచ్చాడు. నిజాంను ఎదిరించి జైలుకు పోయిన కవి, ఆ రాజ్యం రుద్దిన భాషలోని గొప్ప కవిని ఇంగ్లీషు మధ్యవర్తిత్వం లేకుండా తెలుగు చేశాడు. మాస్కోలో ఉండి రష్యన్ రచనలను నేరుగా తెలుగులోకి తెచ్చిన ఉప్పల లక్ష్మణరావు మరో ఉదాహరణ. కొలువు కోసం వచ్చిన భాష కొలువుతోనే ముగియాలని ఎక్కడా లేదు. నేర్చినవాడి పక్కన ఒక సాహిత్యోద్యమం ఉందా లేదా అన్నదే అసలు విషయం.

కాబట్టి కర్తవ్యం మన మీదనే ఉంది. జర్మన్ వచ్చిన విద్యార్థిని, తెలుగు వచ్చిన ఉపాధ్యాయుడు ఒకే బల్ల దగ్గర కూచోవాలి. ఇంగ్లీషు పుస్తకాన్ని పక్కన ఉంచుకోవచ్చు, పెత్తనం మాత్రం ఇవ్వరాదు. 'పెట్టుబడి'తో మొదలుపెట్టనక్కర్లేదు. బ్రెహ్ట్ రాసిన కాయ్నర్ గారి కథలు చిన్నవి. భాష తేట, ఆలోచన పదును. మధ్యస్థాయి విద్యార్థికి అవి అందుతాయి. బ్రెహ్ట్ 1956లో మరణించాడు. మన దేశ చట్టం ప్రకారం, ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనల మీద హక్కుల గడువు 2016తో ముగిసింది కనుక అనుమతుల బెడద కూడా లేదు. జిల్లా శాఖలు ఏడాదికి పది కథలు తేగలిగినా, ఒక్కొక్క మాట దగ్గర జరిగిన చర్చను రాసి ఉంచగలిగినా, ఐదారేళ్లలో మన విమర్శ పరిభాషను మనమే తూచుకునే కాంటా ఒకటి తయారవుతుంది.

విమానం ఎక్కబోయే పిల్లలకు మనం శుభాకాంక్షలు చెబుతున్నాం, దండలు వేస్తున్నాం. ఇకమీదట ఒక పని కూడా అప్పగిద్దాం. వాళ్లు అక్కడి ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో పనిచేస్తూ, కార్మిక సంఘాల్లో చేరుతూ, పనివాళ్ల నోట వినే జర్మన్ ఏ విశ్వవిద్యాలయమూ నేర్పనిది. ఆ భాష గురించి తెలుగులో మనకు ఉత్తరాలు రాయమందాం. మార్క్స్ మాటలు ఈనాడు అక్కడి శ్రామికుడి నోట ఏ అర్థంలో బతికి ఉన్నాయో చెప్పగలిగేది వాళ్లే.